ఖాకీ బట్టల దుమ్ము ఎవరి లెక్కలోకి వస్తుంది?

మొన్న ఒక సమావేశంలో వృత్తి వ్యాధుల గురించి మాట్లాడుతూ రైల్వే కార్మికుల ఊపిరితిత్తుల జబ్బుల ప్రసక్తి తెచ్చాను. భోజనాల దగ్గర ఒక మిత్రురాలు నిర్మొహమాటంగా అడిగింది. ఆమె చాలా ఏళ్ళుగా గృహహింస కేసులు చూస్తున్న మనిషి. "అది యూనియన్ల పని కదా! రైల్వేలో పర్మనెంటు ఉద్యోగం చేసే మగవాళ్ళకి యూనియన్లున్నాయి, ఆసుపత్రులున్నాయి, పింఛనుంది. మన పత్రికలో దానికి పేజీలెందుకు?" అంది. అదే వారంలో ఒక యూనియన్ నాయకుణ్ణి కలిశాను. చనిపోయిన కార్మికుల భార్యలతో మాట్లాడాలనుకుంటున్నానంటే ఆయన, "షెడ్డులో ఏం జరిగిందో ఆడవాళ్ళకేం తెలుస్తుందమ్మా?" అన్నాడు.

ఒకరు స్త్రీల పక్షాన, ఇంకొకరు కార్మికుల పక్షాన మాట్లాడుతున్నామనుకున్నారు. కానీ ఇద్దరూ చెప్పింది ఒకటే. దుమ్ము షెడ్డులో పుడుతుంది, షెడ్డు గేటు దగ్గర ఆగిపోతుంది అని. చట్టం కూడా సరిగ్గా అదే నమ్ముతుంది. ఆ నమ్మకం అబద్ధమని నేను పరిశోధన మొదలుపెట్టక ముందే, మా ఇంటి పెరట్లోనే నాకు తెలిసి ఉండాల్సింది.

మా నాన్న ఒక స్టీమ్ ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు. ఏ ఊరో, ఏ షెడ్డో రాయను. బాయిలరు మరమ్మతుకి వచ్చినప్పుడు దాని చుట్టూ ఉన్న ఆస్బెస్టాస్ పొరని ఊడదీసేవాళ్ళు. పనయ్యాక మళ్ళీ తడిపి మెత్తేవాళ్ళు. మా సైన్సు పుస్తకంలో దానికి రాతినార అని చక్కటి పేరుండేది. షెడ్డులో ఎవరికీ ఆ పేరు తెలియదు. సాయంత్రం నాన్న ఇంటికొచ్చేసరికి కనుబొమల్లో కూడా తెల్లటి పీచు ఉండేది. మా అమ్మ ఆ ఖాకీ బట్టల్ని ఇంట్లోకి రానిచ్చేది కాదు. పెరట్లోకి తీసుకెళ్ళి గట్టిగా విదిలించి, విడిగా ఒక బకెట్లో నానబెట్టి, బండమీద బాదేది. పిల్లల మీద దుమ్ము పడకూడదని ఆవిడ జాగ్రత్త. ఆ విదిలింపులోనే పీచు గాలిలోకి లేస్తుందని ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు.

రిటైరైన ఎనిమిదో ఏట నాన్నకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ముందు క్షయ అన్నారు, నెలల తరబడి మందులు మింగించారు. తరవాత ఆస్తమా అన్నారు. ఆ తరవాత బీడీలన్నారు. బీడీలు తాగేవాడు, దాచను. కానీ ఊపిరితిత్తులు మచ్చలుపడి గట్టిపడే ఆస్బెస్టాసిస్ బీడీలవల్ల రాదు. పైగా ఆస్బెస్టాస్ పీల్చిన మనిషి పొగ కూడా తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం అనేక రెట్లవుతుంది. అంటే బీడీ ఆస్బెస్టాస్ నేరాన్ని తగ్గించదు, పెంచుతుంది. ఇన్ని ఆసుపత్రులు తిరిగాం గానీ, ఒక్క డాక్టరూ "నువ్వు ఏం పని చేసేవాడివయ్యా?" అని అడగలేదు.

ఆయన పోయాక మా అమ్మ ఒక ఆఫీసుకి వెళ్ళింది. సర్వీసులో ఉండగా ఈ జబ్బున్నట్టు కాయితం ఉందా అని అక్కడి గుమాస్తా అడిగాడు. లేదంది. ఆయన పాత మెడికల్ ఫైలు మీ దగ్గరే ఉండాలి కదా అంది. అవి ఎప్పుడో తీసేశారమ్మా అన్నాడు. అప్పుడు మా అమ్మ, "కాయితం లేదు బాబూ, ఆయన బట్టలుతికింది నేనే" అంది. అతను నవ్వాడు. హేళనగా కాదు, నిజంగానే నవ్వొచ్చింది అతనికి.

ఆ మాట సాక్ష్యం ఎందుకు కాదన్నదే నా ప్రశ్న. "మీ తమ్ముడు పుట్టిన ఏడు షెడ్డులో మూడు బాయిలర్లు ఒకేసారి విప్పారు, ఆ చలికాలమంతా రోజూ రెండు జతలు ఉతికాను" అని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఏ సంవత్సరం, ఎన్ని నెలలు, ఎంత దుమ్ము. పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు ఒక కార్మికుడి చరిత్ర రాసేటప్పుడు వెతికేది ఈ మూడింటినే. అవి యాజమాన్యం ఫైళ్ళలో లేవు, మా అమ్మ జ్ఞాపకంలో ఉన్నాయి. తేదీల రూపంలో కాకుండా కాన్పుల రూపంలో ఉన్నాయి, అంతే తేడా.

ఇలాంటి రుజువుల మీద, గడువుల మీద రైలు కార్మికులు దీర్ఘకాలం కోర్టుల్లో పోరాడిన దేశం అమెరికా. అక్కడ గెలిచిందేమిటో, గెలిచిన చోట కూడా స్త్రీలు ఎట్లా బయటే ఉండిపోయారో చూస్తే మన పరిస్థితి తేటపడుతుంది.

అమెరికాలో రైలు కార్మికులకి మామూలు కార్మికుల నష్టపరిహార చట్టాలు వర్తించవు. వాళ్ళకి 1908లో చేసిన ప్రత్యేక ఫెడరల్ చట్టం ఉంది. దాని ప్రకారం కంపెనీ నిర్లక్ష్యాన్ని కార్మికుడు రుజువు చేయాలి. 1957లో సుప్రీంకోర్టు ఆ రుజువు భారాన్ని బాగా తేలిక చేసింది. హానికి కంపెనీ నిర్లక్ష్యం ఏ కొంచెం కారణమైనా చాలంది. 2011లో మళ్ళీ అదే స్థిరపరిచింది. అంతకన్నా ముఖ్యమైనది 1949 నాటి తీర్పు. మిస్సోరి పసిఫిక్ రైల్వేలో సుమారు ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ఒక ఫైర్‌మన్‌కి సిలికోసిస్ వచ్చింది. చక్రాలు జారకుండా ఇంజను పట్టాలమీద ఇసుక చల్లుతుంది. ఆ ఇసుక దుమ్ము క్యాబులోకి వచ్చేది. 1940లో ఇక పని చేయలేక మానేసి, 1941లో కేసు వేశాడు. కంపెనీ ఏమని వాదించిందనుకున్నారు? నీకు ఈ జబ్బు ఎన్నో ఏళ్ళ కిందటే అంటుకుని ఉంటుంది, కాబట్టి మూడేళ్ళ గడువు ఎప్పుడో దాటిపోయింది అని! తనకి తెలియని జబ్బుకి తను కేసు వేయలేదన్నది అతని తప్పు. సుప్రీంకోర్టు ఈ వాదనని తోసిపుచ్చింది. నెమ్మదిగా పేరుకునే విషం విషయంలో, దాని ఫలితం బయటపడినప్పటినుంచే గడువు లెక్కించాలంది. వృత్తి వ్యాధి కూడా ఆ చట్టం కిందికి వస్తుందని తేల్చింది.

అన్నీ ఇట్లా సాగలేదు. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కింద పైపుల మీది ఆస్బెస్టాస్ తొలగించే కార్మికులు ఒళ్ళంతా తెల్లబడి మంచు బొమ్మల్లా కనిపించేవారు. వాళ్ళలో ఒక పైప్ ఫిట్టరు, ఇంకా జబ్బు లక్షణాలు లేనివాడు, తన భయానికీ, జీవితాంతం చేయించుకోవాల్సిన పరీక్షల ఖర్చుకీ పరిహారం అడిగాడు. 1997లో సుప్రీంకోర్టు ఇవ్వనంది. 2003లో, జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ రాసిన తీర్పులో, ఆస్బెస్టాసిస్ ఇప్పటికే వచ్చినవాళ్ళు క్యాన్సర్ వస్తుందనే భయానికి కూడా పరిహారం అడగవచ్చంది. అయిదుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు. అంత సన్నటి దారం మీద నడుస్తాయి ఈ హక్కులు.

ఇంతవరకూ మగవాళ్ళ కథ. ఇప్పుడు వాళ్ళ ఇళ్ళ తలుపు తీద్దాం.

1913లోనే అక్కడి సుప్రీంకోర్టు ఆ 1908 చట్టం కింద మరణ పరిహారం అంటే డబ్బు రూపంలో లెక్కకొచ్చే నష్టం మాత్రమేనని చెప్పింది. భర్త సాహచర్యం పోవడం అందులోకి రాదు. సరే, సాహచర్యానికి వెల కట్టడం నాకూ ఇష్టం లేదు. కానీ ఆ మనిషి పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే ఉంటే, పక్కన మేల్కొని వీపు రాసిన ఏళ్ళు ఎవరి ఖాతాలో పడ్డాయి? ఆక్సిజన్ సిలిండర్ మార్చడం, కఫం గిన్నె కడగడం, సంపాదన ఆగిన ఇంటిని తన కూలితో నడపడం, ఇవన్నీ జీతమిచ్చి చేయించుకుంటే ఖర్చు. భార్య చేస్తే ప్రేమ.

మరి ఆ భార్యకే జబ్బొస్తే? ఆస్బెస్టాస్ కార్మికుల బట్టలుతికిన స్త్రీలకి, వాళ్ళతో ఒకే ఇంట్లో బతికినవాళ్ళకి మీసోథెలియోమా అనే క్యాన్సర్ వస్తోందని లండన్ పరిశోధకులు 1965లోనే ప్రచురించారు. అంటే ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. అయినా 2005లో సి.ఎస్.ఎక్స్. రైల్వే కేసులో జార్జియా సుప్రీంకోర్టు ఏమందంటే, కార్మికుడి బట్టలమీద ఇంటికి చేరిన ఆస్బెస్టాస్ వల్ల జబ్బుపడిన కుటుంబ సభ్యుల పట్ల యజమానికి ఏ బాధ్యతా లేదని. వాళ్ళు ఉద్యోగులు కాదు, వాళ్ళకి దుమ్ము అంటింది పనిస్థలంలో కాదు, కాబట్టి వాళ్ళు మూడోవాళ్ళు. మరుసటి ఏడాది, 2006లో, న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఒక చమురు శుద్ధి కర్మాగారం కేసులో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పింది. ఆ బట్టల్ని ఎవరో ఒకరు ఉతుకుతారని యజమాని ఊహించగలడు కదా అంది. నా దృష్టిలో ఇందులో గొప్ప న్యాయశాస్త్రం ఏమీ లేదు. బట్టలు వాటంతటవి ఉతుక్కోవని ఒక కోర్టు ఒప్పుకుంది, ఇంకో కోర్టు ఒప్పుకోలేదు.

ఇంకో తలుపు కూడా మూశారు. 1947 నుంచి 1974 దాకా ఇంజన్ల మరమ్మతులో వెల్డరుగా, మెషినిస్టుగా చేసిన ఒకాయనకి 2005లో మీసోథెలియోమా బయటపడింది. ఇంజను భాగాల్లో ఆస్బెస్టాస్ పెట్టి అమ్మిన తయారీదారుల మీద కేసు వేశాడు. కేసు నడుస్తుండగానే పోయాడు. ఆ తరవాత దాన్ని సుప్రీంకోర్టు దాకా మోసింది ఇద్దరు స్త్రీలు. ఆయన భార్య, ఆయన ఎస్టేటు బాధ్యత తీసుకున్న మరొకామె. 1911 నాటి ఇంజన్ల తనిఖీ చట్టం ఉంది కాబట్టి రాష్ట్ర చట్టాల కింద ఇలాంటి దావాలు చెల్లవని 2012లో కోర్టు తేల్చింది. నలభై, యాభై ఏళ్ళు ఆగి బయటపడే జబ్బుకి వాది ఎప్పుడూ కార్మికుడు కాడు, అతని తరవాత మిగిలినవాళ్ళే అన్న సంగతి ఈ కేసు చదివితే తెలుస్తుంది. మిగిలేది ఎక్కువగా ఆడవాళ్ళే.

లెక్కల సంగతి కూడా ఒక మాట. డీజిల్ పొగ గురించి ప్రపంచం వినాల్సివచ్చింది రైలు కార్మికుల వల్లే. 54,973 మంది అమెరికన్ రైలు కార్మికుల మరణాల్ని 1959 నుంచి 1996 దాకా పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. డీజిల్ పొగ తగలని ఉద్యోగులతో పోలిస్తే రైళ్ళు నడిపే సిబ్బందిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు సుమారు 40 శాతం ఎక్కువని అది చూపింది. 2012లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ డీజిల్ పొగని మనుషులకి క్యాన్సర్ తెస్తుందని నిర్ధారణ అయిన వాటి వర్గంలో చేర్చింది. అది సాధ్యమైంది పింఛను బోర్డు దగ్గర ఎవరు ఏ ఏడు ఏ ఉద్యోగం చేశారో రాసి ఉంది కాబట్టి. కాయితం ఉంటే మరణం కూడా సాక్ష్యమవుతుంది. ఆ కాయితంలో ఉన్నది మగవాళ్ళే అన్నది వేరే చెప్పాలా?

ఇక మన దగ్గరికి వద్దాం. మన 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం పైకి అమెరికా చట్టంకన్నా ఉదారమైంది. యజమాని తప్పు రుజువు చేయనక్కర్లేదు. మూడో షెడ్యూలులో ఉన్న జబ్బు, నిర్ణీత కాలం ఆ పని చేసిన మనిషికి వస్తే, అది పనివల్లనే వచ్చిందని చట్టమే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది యజమానే. సిలికోసిస్, ఆస్బెస్టాసిస్, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే క్యాన్సర్లు ఆ షెడ్యూలులోనే ఉన్నాయి. ఆహా అనిపిస్తుంది. తరవాత పదో సెక్షన్ చదవాలి. ఉద్యోగం మానాక జబ్బు లక్షణాలు బయటపడితే, అవి మానిన రెండేళ్ళలోపు బయటపడాలి! ఆస్బెస్టాస్ జబ్బులు సాధారణంగా ఇరవై నుంచి నలభై ఏళ్ళకి గానీ పైకి రావు. మా నాన్నకి ఎనిమిదేళ్ళు పట్టింది. అమెరికా కోర్టు 1949లో ఏ అన్యాయాన్ని కాదందో, అది మన చట్టంలో అచ్చుగుద్దినట్టుంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషనరు క్షమించవచ్చు నిజమే. కానీ హక్కు వేరు, క్షమ వేరు.

ఎనిమిదో సెక్షన్ మన పాఠకులు తప్పకుండా చదవాలి. స్త్రీకి గానీ, చట్టరీత్యా అశక్తుడైన వ్యక్తికి గానీ ఇవ్వాల్సిన ఏకమొత్తం పరిహారాన్ని నేరుగా చేతికివ్వకూడదు, కమిషనరు దగ్గరే జమ చేయాలి అంటుందది. స్త్రీనీ, తన వ్యవహారాలు తను చూసుకోలేని మనిషినీ ఒకే వాక్యంలో ఒక గాటన కట్టారు. విధవ డబ్బుని బావలూ మరుదులూ కాజేయకుండా రక్షణ అని సమర్థించేవాళ్ళున్నారు. ఆ ప్రమాదం ఉంది కూడా. కానీ బావల్ని కట్టడి చేయడానికి ఆమెనే మైనర్‌ని చేయాలా?

2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చి, ఈ 1923 చట్టాన్ని తనలో కలిపేసుకుంది. వృత్తి వ్యాధుల జాబితా కొత్త కోడ్‌లో కూడా మూడో షెడ్యూలే. వందేళ్ళ చట్టం కొత్త అట్ట వేసుకుంటున్నప్పుడు దుమ్ము గురించి మహిళా సంఘాలు ఒక్క వినతిపత్రమైనా ఇచ్చాయా? మనం ఇవ్వలేదు. ఆ నింద నాకూ చెందుతుంది.

మెడికల్ ఫైలు "తీసేశారు" అన్న గుమాస్తా మాటకి తిరిగి వస్తాను. 1995 జనవరిలో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో జస్టిస్ కె. రామస్వామి రాసిన సుప్రీంకోర్టు తీర్పు, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమంది. ఆరోగ్య రికార్డుల్ని ఉద్యోగంలో చేరిన నాటినుంచి 40 ఏళ్ళు, లేదా మానిన తరవాత 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా ఉంచాలంది. జబ్బు నిర్ధారణ అయినవాళ్ళకి లక్ష రూపాయలు ఇవ్వాలంది. అది ఆస్బెస్టాస్ పరిశ్రమలకి చెప్పిందని, షెడ్డులకి కాదని వాదిస్తారు. పీచు ఫ్యాక్టరీలో ఒక రకంగా, షెడ్డులో ఒక రకంగా పనిచేస్తుందా? పదిహేనేళ్ళ నియమం ఆ షెడ్డు పాటించి ఉంటే మా అమ్మ చేతిలో కాయితం ఉండేది.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. రైల్లో మీరు బుక్ చేసిన సరుకు తడిసిపోతే దానికోసం 1987 చట్టం కింద రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది. సికింద్రాబాదులోనే బెంచి ఉంది. బస్తా సిమెంటు పాడైతే వినడానికి ఒక న్యాయస్థానం. ఆ బస్తాలు దించిన హమాలీ ఊపిరితిత్తుల్లో చేరిన సిమెంటుని వినడానికి? అతను రైల్వే మనిషి కాడు, వర్తకుడి మనిషి అంటారు. వర్తకుడు, ముఠా మేస్త్రీ మనిషి అంటాడు.

రైల్వేకి సంబంధించిన దుమ్ము తినే స్త్రీలు కేవలం భార్యలే కారు. పట్టాల కింద పరిచే కంకర ఎక్కడినుంచి వస్తుంది? వడ్డెర స్త్రీలు తరతరాలుగా సుత్తెతో కొట్టిన రాయి, ఇవాళ క్రషరు దగ్గర తట్టలకెత్తుతున్న రాయి అది. గ్రానైటు పగిలినప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. కూలి జంటకి కలిపి ఇస్తారు, పేరు మగవాడిది రాస్తారు. రేపు ఆమెకి సిలికోసిస్ వస్తే, ఆమె ఆ పని చేసినట్టు ఎక్కడా లేదు. కాంట్రాక్టరు కింద చేసినవాళ్ళకి కూడా అసలు యజమాని బాధ్యుడని 1923 చట్టం పన్నెండో సెక్షన్ చెప్పింది. కానీ పేరే లేని మనిషికి ఏ యజమాని? భర్త పోతే విధవగా లెక్కకొస్తుంది, తను పోతే లెక్కకే రాదు.

సాధ్యం కాదనేవాళ్ళకి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. గుజరాత్‌లోని క్వార్ట్జ్ పొడి ఫ్యాక్టరీల్లో పనిచేసి సిలికోసిస్‌తో చనిపోయిన మధ్యప్రదేశ్ ఆదివాసీ కూలీలు 238 మంది కుటుంబాలకి తలా మూడు లక్షలివ్వమని 2016లో సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. వాళ్ళ దగ్గర అపాయింట్‌మెంట్ ఆర్డర్లేమీ లేవు. రాజస్థాన్ 2019 విధానంలో సిలికోసిస్ నిర్ధారణ అయితే బతికుండగానే మూడు లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో రెండు లక్షలు ఇస్తామంది. ఈ మొత్తాలు చాలవు. కానీ ఊళ్ళకి ఊళ్ళు తిరిగి పేర్లు రాసినవాళ్ళుంటే కాయితం లేనివాళ్ళు కూడా గెలవగలరని ఇవి చెబుతున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో మనం అడగాల్సింది ఇదే. వృత్తి ఏమిటని అడగకుండా ఏ ఛాతీ ఆసుపత్రీ క్షయ చీటీ రాయకూడదు. ఫైలు చింపేసిన యజమానిమీదే రుజువు భారం పడాలి. బట్టలుతికిన మనిషి వాంగ్మూలాన్ని పని చరిత్రగా నమోదు చేయాలి. ఆమె ఊపిరితిత్తుల్ని కూడా పరీక్షించాలి.

ఈ చివరి మాటని యూనియన్ మిత్రులు ఒప్పుకోవడం కష్టమని నాకు తెలుసు. భార్యల్ని కూడా కలిపితే కేసు బలహీనపడుతుందంటారు. ముందు మావాళ్ళ సంగతి తేలనివ్వండంటారు. "ముందు" అనే మాట మనకి చాలా ఉద్యమాల్లో అలవాటైనదే.

రైల్వే కాలనీల్లో, క్రషర్ల దగ్గర పనిచేస్తున్న కార్యకర్తలు వచ్చే మూడు నెలల్లో ఒక్కో బస్తీలో పది మంది స్త్రీలతోనైనా కూర్చోవాలని కోరుతున్నాను. తేదీలు అడగకండి, చెప్పలేరు. ఏ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, ఏ పండగ ముందు, ఏ ఇంట్లో ఉన్నప్పుడు అని అడగండి. బట్టలు ఎక్కడ విదిలించారో, ఏ రంగు నీళ్ళు వచ్చేవో అడగండి. ఆమె ఎన్నాళ్ళుగా దగ్గుతోందో కూడా అడగండి. మా అమ్మని నేను ఆ ప్రశ్న అడిగింది పోయినేడే. మూడేళ్ళయిందంది. ఎక్స్‌రే ఇంకా తీయించలేదు.